అమ్మా పిల్లలూ నేపాల్ వెళ్లిరావచ్చు



భర్త పోయాక బిడ్డల్ని ఒంటిచేత్తో పెంచుకుంటున్న తల్లులు, విడిపోయి పిల్లలతో వేరుగా ఉంటున్నవాళ్లు, భార్యను పోగొట్టుకుని పసివాళ్లను సాకుతున్న తండ్రులు ఈ పూట రేడియో దగ్గర ఉంటే, ఈ ప్రసంగం ముఖ్యంగా వాళ్లకోసం. పిల్లలు బాగా చిన్నగా ఉన్నప్పుడే, చేతిలో పెద్దగా డబ్బు లేకుండానే, తోడుగా పెద్దవాళ్లెవరూ లేకుండానే ఒక పొరుగు దేశం చూసి రావచ్చునా అని నన్ను అడుగుతుంటారు. రావచ్చు. నేను నా ఇద్దరు పిల్లల్నీ తీసుకుని నేపాల్ వెళ్లొచ్చాను. అప్పటికి మా అమ్మాయి బడిలో చేరి ఎంతోకాలం కాలేదు. అబ్బాయికి ఇంకా అయిదు నిండలేదు.

బయలుదేరతానన్నప్పుడు మా మేనత్త, "మగతోడు లేకుండా పసిపిల్లల్నేసుకుని దేశంకాని దేశం ఎందుకమ్మా?" అన్నారు. ప్రేమతో అన్న మాటే. అయినా నాకు ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉంది. తండ్రి లేని ఇంట్లో పిల్లల చెవిన "అవన్నీ మనకెందుకులే" అన్న మాట చాలా తరచుగా పడుతుంది. కొత్త బట్టల దగ్గర, బడివాళ్ల విహారయాత్ర దగ్గర, పెళ్లిళ్లకు ఊళ్లు వెళ్లడం దగ్గర ఆ మాటే. నాలుగైదేళ్ల వయసులో అలా విని విని పిల్లలు అడగడమే మానేస్తారు. అడగడం మానేసిన పిల్లల్ని చూసి "బుద్ధిమంతులు" అని మనం మురిసిపోతాం. నాకు ఆ బుద్ధిమంతుతనం చూస్తే బాధ కలుగుతుంది. అందుకే నా పిల్లల్ని ప్రయాణాలకు తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నాను.

ఇక అసలు విషయం. తక్కువ ఖర్చు ప్రయాణం గురించి చెప్పేవాళ్లు సాధారణంగా ఎక్కడ డబ్బు మిగుల్చుకోవచ్చో చెబుతారు. ఒక్కరే పెద్దవారుగా వెళ్లేవాళ్లకు అది సగమే పనికొస్తుంది. ఇద్దరు పెద్దవాళ్లుంటే ఒకరు టికెట్ల వరుసలో నిలబడితే ఇంకొకరు పిల్లల్ని పట్టుకుంటారు. ఒకరు సామాను చూస్తే ఇంకొకరు పిల్లవాణ్ణి దొడ్డికి తీసుకెళ్తారు. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు మందులషాపుకి పరుగెత్తుతారు. మనకు ఆ రెండో మనిషి లేరు. ఆ మనిషి చేసే పనుల్లో కొన్నింటిని డబ్బుతో చేయించుకోవాలి, కొన్నింటిని తీరుబడిగా వెళ్లడం వల్ల తప్పించుకోవాలి. కనుక మన బడ్జెట్‌లో మొదటి పద్దు ఆ రెండో మనిషిదే. దాన్ని పక్కన పెట్టాక మిగిలినవాటిలో ఎంత పొదుపు చేసినా నష్టం లేదు. పోయే చోట్లు తగ్గించుకోవచ్చు, హోటల్ గది హంగులు తగ్గించుకోవచ్చు, కొనుగోళ్లు పూర్తిగా మానేయవచ్చు. పట్టుకునే చేతుల దగ్గర మాత్రం పొదుపు చేయకండి.

నేపాల్‌నే ఎందుకు ఎంచుకోమంటున్నానంటే, మొదటి కారణం కాగితాలు. 1950లో భారత, నేపాల్ దేశాల మధ్య కుదిరిన శాంతి, స్నేహ ఒప్పందం వల్ల మనవాళ్లకు అక్కడ వీసా అక్కర్లేదు. పెద్దవాళ్లకు పాస్‌పోర్టు ఉండాలి, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు ఉండాలి. ఆధార్ పెద్దవాళ్లకు చెల్లదు, ఇది బాగా గుర్తుంచుకోండి. 15 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రం ఆధార్ చెల్లుతుందని 2019 జనవరిలో కేంద్ర హోంశాఖ స్పష్టం చేసింది. 65 దాటిన పెద్దలకూ అదే సౌకర్యం ఉంది.

ఒంటరి తల్లికి ఇది ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. మిగతా చాలా దేశాలకు వెళ్లాలంటే బిడ్డకు పాస్‌పోర్టు కావాలి. దాని దగ్గరకు వచ్చేసరికి "తండ్రి సంతకమో?" అని అందరూ భయపెడతారు. ఆ భయంతోనే దరఖాస్తు దాకా వెళ్లనివాళ్లు నాకు తెలుసు. నిజానికి నిబంధనలు ఎప్పుడో మారాయి. 2016 డిసెంబరులో విదేశాంగ శాఖ ప్రకటించిన మార్పుల ప్రకారం దరఖాస్తులో తల్లి పేరో, తండ్రి పేరో, సంరక్షకుల పేరో ఏదో ఒకటి ఉంటే చాలు. విడాకులు తీసుకున్నవాళ్లు మాజీ భర్త పేరు రాయనక్కర్లేదు, విడాకుల ఉత్తర్వు చూపనక్కర్లేదు. అనుబంధ పత్రాలకు నోటరీ ముద్ర అక్కర్లేదు, తెల్లకాగితం మీద సొంత ధ్రువీకరణ ఇస్తే సరిపోతుంది. రెండో తల్లో తండ్రో సమ్మతి ఇవ్వని పరిస్థితిలో దాఖలు చేయడానికే 'అనెక్షర్ సి' అని ఒక పత్రం ఉంది. భర్త పోయినవాళ్లు మరణ ధ్రువీకరణ పత్రం దగ్గర పెట్టుకోవాలి. మామూలు పాస్‌పోర్టు రుసుము పెద్దవాళ్లకు 1,500 రూపాయలు, మైనర్లకు 1,000. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు అందులో పదోవంతు తగ్గింపు, అంటే 900. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్లే చెల్లుతుంది.

ఒక్క హెచ్చరిక. పిల్లల సంరక్షణ గురించి కోర్టులో కేసు నడుస్తుంటే, కోర్టు అనుమతి లేకుండా బిడ్డతో దేశం దాటకండి. నేపాల్ సరిహద్దులో పాస్‌పోర్టు మీద ముద్ర వేయరు కదా, ఎవరు చూస్తారులే అనుకోకండి. తరవాత ఆ ప్రయాణమే మీమీద ఆరోపణగా నిలబడుతుంది. ముందు వకీలుతో మాట్లాడండి.

భూటాన్ కూడా పొరుగుదేశమే, వీసా అక్కర్లేదు, చాలా అందమైన చోటు. కానీ అక్కడ మనవాళ్లు ఒక్కో రాత్రికి తలకు 1,200 రూపాయల చొప్పున ప్రభుత్వానికి రుసుము కట్టాలి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు అందులో సగం, ఆరేళ్ల లోపు వాళ్లకు లేదు. ఒక తల్లి ఏడేళ్ల పాపతో అయిదు రాత్రులుంటే గది, భోజనం కాకుండానే 9,000 అవుతుంది. ఆ డబ్బుతో నేపాల్‌లో ఇంకొన్నాళ్లు నిదానంగా ఉండవచ్చు. పిల్లలతో వెళ్లినప్పుడు నిదానమే కావాలి.

ఇప్పుడు దారి. మనవైపు నుంచి సరిహద్దుకు దగ్గరగా ఉన్న గోరఖ్‌పూర్ దాకా రైలుంది. విజయవాడ, వరంగల్ మీదుగా రప్తిసాగర్ ఎక్స్‌ప్రెస్ వెళ్తుంది, సికింద్రాబాద్ నుంచీ బండి ఉంది. ఒక రోజు దాటిన ప్రయాణం. అయిదేళ్ల లోపు పిల్లలకు రైల్లో టికెట్ లేదు, బెర్తూ ఇవ్వరు. అయిదు నుంచి పన్నెండు లోపు పిల్లలకు బెర్తు వద్దనుకుంటే సగం చార్జీ, కావాలనుకుంటే పూర్తి చార్జీ. ఈ నిబంధన 2016 నుంచి ఉంది. సగం చార్జీతో సరిపెట్టుకుని ముగ్గురూ ఒకే బెర్తు మీద సర్దుకుందామని అనిపిస్తుంది. వద్దు. పిల్లలు నిద్రపోతారు, మీకు రాత్రంతా జాగారమవుతుంది. మర్నాడు సరిహద్దు దాటాల్సిన మనిషి మీరు. మీరొక్కరే. ఆ ఒక్క బెర్తు డబ్బు పెట్టండి. స్లీపర్ క్లాసులో లేడీస్ కోటా అని కొన్ని బెర్తులుంటాయి. ఒంటరిగా గానీ పన్నెండేళ్ల లోపు పిల్లలతో గానీ వెళ్లే ఆడవాళ్లకోసం అవి. టికెట్ తీసుకునేటప్పుడు ఆ కోటా అడగండి. చుట్టూ ఆడవాళ్లే ఉంటారు కనుక, మీరు బాత్‌రూముకి వెళ్లాల్సి వస్తే నిద్రపోతున్న పిల్లవాణ్ణి "ఒక్క నిమిషం చూస్తారా అమ్మా" అని అప్పగించి వెళ్లవచ్చు. ఈ సంగతి చెప్పడానికి చిన్నదిగానే ఉంటుంది. పిల్లలతో ఒంటరిగా ప్రయాణించినవాళ్లకు ఇదెంత పెద్ద సమస్యో తెలుసు. నీళ్లు తాగడం మానేసి గంటలకొద్దీ బిగబట్టుకుని కూర్చునే తల్లులున్నారు. దయచేసి అలా చేయకండి.

గోరఖ్‌పూర్ స్టేషన్లో ప్లాట్‌ఫారం పొడవు 1,366 మీటర్లు. 2023లో కర్ణాటకలోని హుబ్బళ్లి దాన్ని దాటేదాకా ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అదే. కనుక అక్కడ కూలీని పెట్టుకోండి. సామాను ఆయన మోస్తే మీ రెండు చేతులూ ఇద్దరు పిల్లలకు మిగులుతాయి. నేను చెప్పిన రెండో మనిషి పద్దు అంటే ఇలాంటిదే. ఆ రాత్రికి గోరఖ్‌పూర్‌లోనే ఆగండి. ఎంత పొద్దున దిగినా, రైలు దిగిన ఒళ్లుతో వెంటనే సరిహద్దుకి పరుగెత్తవద్దు. మన ఇళ్లలో కనిపించే తెలుగు పుస్తకాలు వేసే గీతాప్రెస్ ఆ ఊళ్లోనే ఉంది, 1923లో మొదలైంది. సాయంత్రం అటు వెళ్లిరావచ్చు. స్టేషన్ బయట "కాఠ్‌మాండూ దాకా ఒకే టికెట్" అంటూ వెంటపడేవాళ్లకు డబ్బు ఇవ్వకండి. అక్కణ్ణుంచి సరిహద్దు ఊరు సునౌలీ దాకా ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ బస్సులే తిరుగుతాయి, మూడు గంటల దారి.

సునౌలీలో గేటు దాటి నడిచి వెళ్లడమే. మన సామాన్యులు రోజూ కూరగాయలకోసం, పెళ్లిళ్లకోసం అటూ ఇటూ తిరిగే సరిహద్దు అది. పిల్లలకు మొదటి వింత గడియారం. నేపాల్ సమయం మనకంటే 15 నిమిషాలు ముందు. గేటు దాటగానే గడియారం ముల్లు వాళ్లచేతే జరిపించండి. దేశం మారిందని ఆ వయసు పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి పాఠం ఉండదు.

అక్కడే ఇంకొకటి జరగవచ్చు. మిమ్మల్ని ఆపి, ఎవరీ పిల్లలు, ఎక్కడికి తీసుకెళ్తున్నావని అడగవచ్చు. మీతో కాకుండా పిల్లలతోనే నేరుగా మాట్లాడవచ్చు. మనవైపు సరిహద్దు కాపలా సశస్త్ర సీమా బల్‌ది. అవతలివైపు 1993లో అనురాధా కొయిరాలా స్థాపించిన మైతీ నేపాల్ సంస్థ మనుషులు సరిహద్దు దారుల్లో నిలబడి ఉంటారు. ఆడపిల్లల్ని, పిల్లల్ని అమ్మేయడానికి సరిహద్దు దాటించే ముఠాలను ఆపడం వాళ్ల పని. పెద్దవాళ్లు ఒక్కరే ఉండి, వెంట చిన్నపిల్లలుంటే వాళ్ల చూపు పడటం సహజం. "నన్నే అనుమానిస్తారా" అని నొచ్చుకోకండి. ఆ ప్రశ్నల వల్ల ఎక్కడో ఒక బిడ్డ ఇంటికి చేరుతోంది. మీ పేరు ఉన్న పిల్లల జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్ చేతికందేలా పెట్టుకోండి. పిల్లలకు వాళ్ల పూర్తిపేరు, అమ్మ పూర్తిపేరు, ఊరిపేరు ముందే నేర్పండి. తెలుగు తప్ప రాని పిల్లలైనా పేర్లు చెప్పగలరు. తండ్రులు కూతుళ్లతో వెళ్తుంటే ఈ కాగితాలు ఇంకా జాగ్రత్తగా పెట్టుకోవాలి.

డబ్బు లెక్క సులువు. 1993 నుంచి మన రూపాయికి 1 రూపాయి 60 పైసల నేపాలీ డబ్బు అని స్థిరంగా ఉంది. మన 100 నోటు అక్కడ 160. అయితే ఎవరు ధర చెప్పినా "ఐసీయా, ఎన్‌సీయా?" అని అడగండి. ఐసీ అంటే మన డబ్బు, ఎన్‌సీ అంటే వాళ్లది. 500 అని ఊరికే ఒప్పుకుంటే అది మన లెక్కలో 500 కావచ్చు, 312 కావచ్చు. వంద నోట్లుగా తీసుకెళ్లడం మంచిది. 2024 నుంచి మన యూపీఐతో అక్కడి దుకాణాల క్యూఆర్ కోడ్‌కి చెల్లించే వీలూ వచ్చింది, అయినా నగదు లేకుండా వెళ్లకండి.

సరిహద్దు నుంచి లుంబిని ముప్పై కిలోమీటర్లలోపే. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇది. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే అనువైన పుణ్యస్థలం ఇంకోటి నేను చూడలేదు. బుద్ధుడు పుట్టిన చోటు అని అందరికీ తెలుసు. మాయాదేవి ఆలయం, దాని పక్కనే అశోకుడు నిలబెట్టిన స్తంభం ఉన్నాయి. బుద్ధుడు ఇక్కడ పుట్టాడు కనుక ఈ ఊరి పన్ను తగ్గిస్తున్నానని అశోకుడు దానిమీద చెక్కించాడు, పంటలో ఎనిమిదోవంతు ఇస్తే చాలన్నాడు. ఇరవైరెండు శతాబ్దాలు దాటిన ఆ అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాజుగారు పన్ను తగ్గించారన్న కథ మా అమ్మాయికి ఎంత నచ్చిందో చెప్పలేను. వెళ్లేముందు పిల్లలకు అమరావతి శిల్పాల బొమ్మలు చూపించండి. మాయాదేవికి కలలో ఏనుగు కనిపించడం మన కృష్ణాతీరపు శిల్పులు రాతిలో చెక్కారు. వాళ్లలో చాలామంది లుంబిని కళ్లతో చూసి ఉండకపోవచ్చు. బుద్ధుడు పుట్టిన ఆ నేలమీద మన పిల్లలు పరుగులు పెడతారు.

ఆ ప్రాంగణమంతటికీ 1978లో జపాన్ వాస్తుశిల్పి కెంజో టాంగే ప్రణాళిక వేశాడు. మధ్యలో పొడవాటి కాలువ, అటూ ఇటూ థాయిలాండ్, బర్మా, చైనా, కొరియా, జర్మనీ ఇలా రకరకాల దేశాలవాళ్లు కట్టిన విహారాలు. విమానం ఎక్కకుండా ఇన్ని దేశాల కట్టడాలు పిల్లలకు ఒకచోట చూపించవచ్చు. మోటారు బళ్ల రద్దీ ఉండదు కనుక పిల్లల చేయి వదిలినా ప్రాణం గుప్పిట్లో పెట్టుకోనక్కర్లేదు. ఒంటరి తల్లికి అదెంత విశ్రాంతో! చుట్టుపక్కల పొలాల్లో సారస కొంగలు తిరుగుతుంటాయి. ఎగరగలిగే పక్షుల్లో అదే అన్నిటికంటే పొడవైనది. మా అబ్బాయికి బుద్ధుడికంటే ఆ కొంగే ఎక్కువ గుర్తుంది, ఉండనివ్వండి.

బస విషయానికొస్తే, కొన్ని విహారాల్లో యాత్రికులకు తక్కువ ఖర్చుతో గదులిస్తారు. కొరియా విహారం ఇందుకు పేరుపడింది. గది సాదాగా ఉంటుంది, వేళకు శాకాహార భోజనం పెడతారు. మూడు పూటలా హోటల్ వెతుక్కుంటూ నిద్రమత్తు పిల్లవాణ్ణి చంకనేసుకుని తిరిగే బాధ ఉండదు. మన పళ్లెం మనమే కడుక్కోవాలి, పిల్లల అల్లరి కాస్త అదుపులో పెట్టాలి. రెండు రోజులుందామని వెళ్లినా నాలుగు రోజులుండండి.

అక్కడినుంచి పోఖరా. ఎక్కేది కొండదారి, మలుపులు ఎక్కువ. పిల్లలకు వాంతులవుతాయి. ఒక్కరోజులో లాగేయవద్దు, మధ్యలో తాన్సేన్ అనే కొండ ఊళ్లో ఆగండి. పాల్పా ఢాకా అని నేపాలీ టోపీలకు వాడే రంగురంగుల నేత బట్టకు పేరున్న ఊరు, మగ్గాల చప్పుడు వినవచ్చు. పోఖరా ఎత్తు సముద్రమట్టానికి 800 మీటర్ల చుట్టుపక్కలే, మన అరకు లోయకంటే కాస్త తక్కువ. కనుక ఎత్తు వల్ల వచ్చే ఇబ్బంది పిల్లలకు ఉండదు. తెల్లవారుజామున మచ్ఛాపుచ్ఛ్రే శిఖరం కనిపిస్తుంది. 6,993 మీటర్ల ఆ కొండను పవిత్రంగా భావించి ఎవరినీ ఎక్కనివ్వరు. ఫేవా చెరువులో పడవమీద తాల్ బారాహీ అమ్మవారి గుడికి వెళ్లవచ్చు, పిల్లలకు లైఫ్ జాకెట్ తొడగకుండా పడవ ఎక్కించకండి. పోఖరాలో వంటగది ఉన్న గది తీసుకోండి, కింద అంతస్తులో తీసుకోండి. మేడమెట్లున్న గది చవగ్గా దొరుకుతుంది, కానీ నిద్రపోయిన ఇద్దరు పిల్లల్ని ఒకేసారి పైకి మోయలేం.

తిండి గురించి బెంగ వద్దు. నేపాల్ అన్నం తినే దేశం. దాల్ భాత్ అంటే పప్పు, అన్నం, కూర. అడిగితే మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. పప్పన్నం తినే పిల్లలకు ఇంకేం కావాలి? ఇంటినుంచి కందిపొడి, నెయ్యి పట్టుకెళితే చాలు. చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లినా మన ప్లగ్గులు చాలాచోట్ల సరిపోతాయి. నీళ్లు కాచి తాగించండి. హోటల్ నడిపే ఆడవాళ్లను "దిదీ" అని పిలవండి, అంటే అక్క. ఆ పిలుపుతో పాలు కాచివ్వడం దగ్గర్నుంచి పిల్లవాణ్ణి కాసేపు ఎత్తుకోవడం దాకా అన్నీ జరుగుతాయి. మనకొచ్చిన కొద్దిపాటి హిందీ అక్కడ సరిపోతుంది.

ముక్తినాథ్ సంగతి అడుగుతారని తెలుసు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి, సాలగ్రామాల గండకీ నది దారి, మనవాళ్లకు ఎంతో ఆశ. కానీ అది 3,700 మీటర్లు దాటిన ఎత్తు. ఊపిరి ఆడక తలనొప్పి వస్తోందని చిన్నపిల్లలు చెప్పలేరు. మీకే అక్కడ ఒంట్లో బాగోకపోతే పిల్లల్ని చూసేవాళ్లుండరు. ఈసారికి వదిలేయండి. కాఠ్‌మాండూ కూడా వదిలేయమనే నా సలహా. లుంబిని, పోఖరా రెండే చాలు.

ఎప్పుడు వెళ్లాలి? మనకు దసరా సెలవులు వీలుగా ఉంటాయి. కానీ సరిగ్గా అప్పుడే నేపాలీలకు దసైం, వాళ్ల అతిపెద్ద పండగ. దేశమంతా సొంత ఊళ్లకు కదులుతుంది, బస్సుల్లో నిలబడటానికి కూడా చోటుండదు. సంక్రాంతికి ఉత్తరాదిన పొగమంచుతో రైళ్లు ఆలస్యమవుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, కొండచరియలు విరిగిపడతాయి, అప్పుడు పిల్లలతో ఆ దారుల్లో అసలు వెళ్లకూడదు. వేసవి సెలవుల్లో లుంబినిలో ఎండ మన రెంటచింతలకు తీసిపోదు. వేసవిలోనే వెళ్లాల్సి వస్తే లుంబిని తొందరగా ముగించి పోఖరా చేరుకోండి. అన్నిటికంటే మంచిది, దసైం, తిహార్ పండగలు అయిపోయాక నవంబరు. పిల్లలు ఒకటో తరగతికి రాకముందు బడి మానిపించడం పెద్ద నష్టం కాదు. అయిదు నిండకపోతే రైల్లో టికెట్ కూడా అక్కర్లేదు. ప్రభుత్వోద్యోగులు మాత్రం విదేశ ప్రయాణానికి శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఇక అందరం పైకి చెప్పకుండా లోపల పెట్టుకునే భయం ఒకటుంది. నాకే ఏదైనా అయితే? పరాయిచోట నాకే జ్వరం ముంచుకొస్తే పిల్లలేమవుతారు? ఈ భయాన్ని కొట్టిపారేయను. దానికి చేయాల్సింది ఇంట్లోనే చేసుకోవాలి. ప్రతి బిడ్డ జేబులోనూ ఒక కాగితం పెట్టండి. దానిమీద పిల్లల పేర్లు, మీ పేరు, బస చేసిన చోటు, ఇంటిదగ్గర ఎవరికి ఫోన్ చేయాలో వాళ్ల నంబర్లు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. మీ ఫోన్ తెరవడం, అమ్మమ్మకో మామయ్యకో కాల్ చేయడం పెద్దబిడ్డకు నేర్పండి. రోజూ ఒకే వేళకు ఇంటికి ఫోన్ చేయండి, ఆ వేళకు ఫోన్ రాకపోతే ఏం చేయాలో ఇంట్లోవాళ్లతో ముందే అనుకోండి. నేపాల్‌లో పర్యాటక పోలీసు నంబరు 1144, పోలీసు 100, అంబులెన్సు 102. మన ఆరోగ్య బీమా చాలావరకు దేశం దాటితే వర్తించదు కనుక ప్రయాణ బీమా విడిగా తీసుకోండి. పిల్లల డాక్టరుగారి దగ్గరకు వెళ్లి, బరువును బట్టి జ్వరం మందు మోతాదు, వాంతులు విరేచనాలకు ఓఆర్‌ఎస్ ఎలా ఇవ్వాలో రాయించుకోండి. ఎప్పుడూ పగటివేళే కొత్త ఊళ్లో దిగేలా చూసుకోండి. రాత్రి బస్సుకి గది అద్దె మిగులుతుంది. ఆ మిగులు మనకొద్దు.

సామాను విషయంలో ఒక్కటే చెబుతాను. చక్రాల పెట్టె ఒక చేతిని తినేస్తుంది. వీపుకి తగిలించుకునే సంచి ఒక్కటే ఉండాలి. మూడేళ్ల లోపు బిడ్డ ఉంటే పాత నూలు చీర ఒకటి పెట్టుకోండి, మన అమ్మమ్మలు పొలాల్లో చేసినట్టు నడుముకి కట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఆ కొండ ఊళ్ల మెట్లమీద పిల్లల తోపుడుబండి పనికిరాదు.

నేపాల్ వెళ్లొచ్చాక ధైర్యం వస్తుంది. అప్పుడు పిల్లలకు పాస్‌పోర్టు తీసుకుని శ్రీలంకో మలేషియానో చూడవచ్చు. ఆ దేశాల వీసా నియమాలు తరచూ మారుతుంటాయి కనుక టికెట్ కొనేముందు ఆయా రాయబార కార్యాలయాల సమాచారమే చూడండి, ఏజెంటు నోటిమాట నమ్మకండి.

చివరిగా మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ప్రయాణం ఈ ఏడాది కుదరకపోయినా ఫరవాలేదు, మీ పిల్లల జనన ధ్రువీకరణ పత్రం ఒకసారి బయటికి తీసి చూడండి. మన దగ్గర చాలా పత్రాల్లో బిడ్డ పేరుండాల్సిన చోట ఖాళీ ఉంటుంది. పుట్టుక నమోదైన 15 ఏళ్లలోపు ఆ పేరు చేర్పించుకునే వీలు చట్టంలో ఉంది. 2023 అక్టోబరు 1న గానీ ఆ తరవాత గానీ పుట్టిన పిల్లలకైతే పాస్‌పోర్టుకి పుట్టినతేదీ రుజువుగా ఆ పత్రం ఒక్కటే చెల్లుతుంది. మున్సిపాలిటీకో పంచాయతీకో వెళ్లి పేరు రాయించండి, మీ పేరులో అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ఓటరు కార్డు లేకపోతే దానికీ దరఖాస్తు పెట్టండి. ఈ రెండు కాగితాలూ ఈ నెలలోనే సరిచేసుకోండి.